ఇదిగో, వచ్చేశాం

పొయ్యి మీద పాలు పొంగడానికీ, డాక్టరు ఫోన్ చేయడానికీ ఒకే క్షణం కుదిరింది.

మామగారు స్పీకర్ నొక్కి, ఫోన్‌ని గాజుగిన్నెలా రెండు చేతులతో పట్టుకున్నారు. కోడలు గరిటెతో అలాగే నిలబడిపోయింది. ముందుగదిలో స్కూలు యూనిఫాంలు కుడుతున్న అత్తగారి మిషను చప్పుడు ఆగిపోయింది.

“రిపోర్టులన్నీ చూశాను మాస్టారూ. మీ గుండె గుండ్రాయిలా ఉంది. ఇక మీరు కొండలైనా ఎక్కొచ్చు,” అన్నాడు డాక్టరు నవ్వుతూ.

పాలు పొంగి పొయ్యంతా తడిసింది. ఎవరూ విసుక్కోలేదు. పెళ్లై వచ్చిన మూడు నెలల్లో ఆ ఇంట్లో ఇంత తేలికైన గాలి పీల్చడం కోడలికి అదే మొదలు. పరుగున వెళ్లి అత్తగారిని వెనకనుంచి వాటేసుకుంది. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని ఉన్న ఆవిడ, గుచ్చుకుంటాయని హెచ్చరించడానికి కూడా నోరు తెరవలేక, అలాగే ఏడుస్తూ నవ్వింది.

“విన్నారుగా? కొండలెక్కమన్నాడు,” అన్నారు మామగారు.

అత్తగారు సూదులు తీసి దిండుకి గుచ్చింది. “ఎక్కమనలేదండీ. ఎక్కొచ్చన్నాడు. అదీ మాటవరసకి.”

“డాక్టర్లు మాటవరసకి మాట్లాడరోయ్. ఫీజు తీసుకుని మాట్లాడతారు.”

ఆయన రిటైరైన భూగోళం మాస్టారు. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద అగ్నిపర్వతాన్ని పుచ్చకాయలా నిలువునా కోసి చూపించిన మనిషి. బడిలో ఎర్ర సుద్దముక్కలన్నీ ఆయన లావాకే అయిపోయేవట. అసలు కొండని మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిచినప్పుడు కూడా, “చూడకుండానే పోతానేమో అనుకున్నా” అన్నారట.

“ఎక్కితే నిప్పులు కక్కే కొండే ఎక్కుతా. అందరం వెళ్దాం,” అన్నారు ఇప్పుడు.

అత్తగారి నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆవిడ భయం ఆ ఇంట్లో ఐదో మనిషి. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, తల్లి మాత్రం ఎన్ని అంతస్తులైనా మెట్లే ఎక్కుతుంది. “నేను బాగుచేసిన లిఫ్టేనమ్మా” అంటే, “అందుకేరా భయం” అంటుంది. ఆ కొడుకు ఆరడుగుల మనిషి. పిలుపు మాత్రం బుజ్జి. కోడలికి ఆ పేరు వింటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఇష్టంగానూ ఉంటుంది.

ఆ సాయంత్రం శుభవార్త చెప్పడానికి ఆమె భర్తకి ఫోన్ చేసింది. “ఇదిగో, వచ్చేశా,” అన్నాడు బుజ్జి. ఆమె గబగబా టీ పెట్టబోయింది.

“అప్పుడే పెట్టకమ్మాయ్,” అంది అత్తగారు, కాలరు కుడుతూ, తల కూడా ఎత్తకుండా.

ఎందుకో అడగలేదు కోడలు. పెట్టేసింది. బుజ్జి వచ్చేసరికి టీ చల్లారి మీగడ కట్టింది. పెళ్లికి ముందు సినిమా హాలు దగ్గర కూడా అంతే, ‘వచ్చేశా’ అన్నాక సగం సినిమా అయ్యాక వచ్చాడు. పాపం, ట్రాఫిక్ అనుకుంది. ప్రేమలో ఉన్నవాళ్లకి ఊరంతా ట్రాఫిక్కే.

*

చివరికి మామగారి పట్టే నెగ్గింది. నిప్పుల కొండ ఉన్న దీవిలో విమానం దిగిన రోజు కోడలికి అన్నీ ముద్దొచ్చాయి. హోటల్ గదిలో శంఖంలా చేసిన చిన్న సబ్బు. తువ్వాలుని మడిచి కూర్చోబెట్టిన ఏనుగు. ఒకే గొడుగు కింద, చెరో భుజం తడుపుకుంటూ బుజ్జితో నడిచిన రేవు వీధి. ప్రతి గోడ మీదా పువ్వులే, ప్రతి పువ్వూ తన అరచేయంత.

కిటికీ తీస్తే మాత్రం కొండ. నెత్తిన పొగ తలపాగాతో, ఎటు తిరిగినా తమనే చూస్తున్నట్టుండేది. గాలి మళ్లినప్పుడల్లా అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన.

మర్నాడు పొద్దున్న టిఫిను బల్ల దగ్గర, ఎవరూ ముట్టుకోకుండానే సాసర్లో చెంచా టకటకలాడింది. అత్తగారు కోడలి మణికట్టు పట్టేసుకుంది.

“ఏం లేదమ్మా, కొండ గొంతు సవరించుకుంటోంది. మాకలవాటే,” అన్నాడు హోటలాయన బ్రెడ్డు పెడుతూ.

“గొంతు సవరించుకునేది ఏదో చెప్పడానికేగా,” అంది అత్తగారు మెల్లగా. చేయి వదల్లేదు.

కొండ మొదట్లో గేటు ఉంది. అక్కడ పసుపు హెల్మెట్లిస్తారు. గేటు దాటాక దారి రెండుగా చీలుతుంది. రెండూ తలోవైపునుంచి పైకి పోతాయి. గేటు పక్కన టీ దుకాణం, నాలుగు బల్లలు. అత్తగారు ఒక బల్ల మీద కూర్చుని, ఇక కదలనంది.

కోడలు అప్పటికే హెల్మెట్ పెట్టుకుని ఫోటో కూడా దిగింది. బుజ్జి ఆమె చెవి దగ్గర, “నువ్వుంటే అమ్మకి ధైర్యం. గంటలో వచ్చేస్తాం, సరేనా?” అన్నాడు. ఆమె హెల్మెట్ తీసేసింది. మనసు చివుక్కుమన్నా, అతను చేయి నొక్కి వదిలిన తీరుకి కరిగిపోయింది.

మామగారు బడిపిల్లాడిలా ముందు నడిచారు. “నాన్నా, మెల్లగా!” అంటూ వెనక బుజ్జి. పొగమంచులో రెండు పసుపు చుక్కలు కాసేపు కనిపించి, మాయమయ్యాయి.

*

మొదట పక్షులు ఆగిపోయాయి. అంతవరకూ చెవులు చిల్లులు పడేలా అరిచిన చెట్లు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. చేతులు కడుక్కోవడానికి అత్తగారు దుకాణం వెనక్కి వెళ్లింది. బల్లమీది గ్లాసులో టీ వలయాలు తిరిగింది.

తరువాత కొండలోపల ఎవరో పెద్ద బీరువా జరిపినట్టు చప్పుడు. పాదాల్లోంచి మోకాళ్లలోకి ఎక్కింది. సైరన్ కూసింది.

పైనుంచి జనం పరుగున దిగసాగారు. హెల్మెట్లు విసిరేసి బస్సులెక్కేస్తున్నారు. ఎండ మట్టిరంగుకి తిరిగింది. కోడలి చెయ్యి మీద బూడిద పడింది, జల్లించిన పిండిలా, మెత్తగా, వెచ్చగా.

బుజ్జికి ఫోన్ చేసింది. ఎత్తాడు. గరగరలో గొంతు.

“ఎక్కడున్నావు?”

“ఇదిగో, వచ్చేశాం! అమ్మకి చెప్పు, వచ్చేశామని.” లైను తెగింది.

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. మెడలో ఈల వేలాడుతున్న గేటు కాపలాదారు ప్రతి బల్ల దగ్గరా ఆగి అడుగుతున్నాడు. అతని వెనక జీపు ఇంజను ఆన్‌లో ఉంది. “పైన మీవాళ్లెవరైనా ఉన్నారా? రెండో సైరన్‌లోపు జీపు ఒక్కసారి పైకి వెళ్లగలదు.”

“లేరండీ. మావాళ్లు వచ్చేశారు,” అంది ఆమె, నమ్మకంగా, నవ్వుతూ కూడా.

కాపలాదారు తలూపి, జీపు వైపు చేయి ఊపాడు. జీపు నడిపే ఆవిడ ఇంజను ఆపి దిగింది. గేటు మీద ఇనపకడ్డీ దిగింది.

తడిచేతులు కొంగుతో తుడుచుకుంటూ అత్తగారు వచ్చింది. “ఏరీ?”

“వచ్చేశారత్తయ్యా, భయపడకండి. ఇప్పుడే ఫోన్లో చెప్పారు.”

అత్తగారు కదల్లేదు. “ఏమన్నాడు? సరిగ్గా ఏ మాట అన్నాడు?”

“‘ఇదిగో, వచ్చేశాం’ అన్నారు.”

ఆవిడ మొహంలో రక్తం ఇంకిపోవడం కోడలు కళ్లారా చూసింది. “అయ్యో పిచ్చిపిల్లా! వాడు ‘వచ్చేశా’ అంటే ఇంకా బయల్దేరలేదని. ‘ఇదిగో’ కూడా అన్నాడంటే, చెప్పులు కూడా వేసుకోలేదని!”

“అదేమిటి అత్తయ్యా...”

“మా ఇంట్లో అంతే. ‘బయల్దేరా’ అంటే కూర్చున్నట్టు. ‘దారిలో ఉన్నా’ అంటే తాళం వెతుక్కుంటున్నట్టు. టీ పెట్టకు అన్నానా లేదా ఆ రోజు!”

కోడలు గేటు వైపు చూసింది. దిగిన కడ్డీ. ఆగిన జీపు. కాళ్ల కింద నేల నిజంగానే కదిలింది.

“నేను... వచ్చేశారని చెప్పేశాను. జీపు ఆపేశారు.”

“ఎవరికి చెప్పావు? ఎందుకు చెప్పావు? కళ్లతో చూడకుండా ఎలా చెప్పావు?” అత్తగారి గొంతు చిరిగింది. “మొన్నేగా మనిషి మంచం దిగాడు! నా మొగుణ్ణీ నా కొడుకునీ పైన వదిలేసి గేటు వేయించావు కదే!”

ఆ ‘కదే’ చెంపదెబ్బలా తగిలింది. ఇన్నాళ్లూ ‘అమ్మాయ్’ తప్ప వినలేదు. ఆమె కూడా అరిచింది. “నాకెలా తెలుస్తుందత్తయ్యా? మా ఇంట్లో వచ్చేశా అంటే లేచి తలుపు తీస్తాం! మీ ఇంట్లో వచ్చేశా అంటే ఏమిటో నాకెవరు చెప్పారు? అసలు మనింట్లో మనకే ఎందుకీ అబద్ధం?”

“నేను భయపడకూడదనే! నేను భయపడతానని వాడు...” అని, అత్తగారు మధ్యలో ఆగిపోయింది. తన మాట తనకే వినిపించినట్టు.

మరో చప్పుడు. ఈసారి దగ్గరగా. టీ దుకాణం రేకు మీద చిన్నచిన్న రాళ్లు టపటపా రాలాయి.

కోడలు ఇక ఏమీ వినలేదు. పరుగున కాపలాదారు దగ్గరికి వెళ్లింది. “అయ్యా, నేను చెప్పింది తప్పు. మావాళ్లు ఇంకా పైనే ఉన్నారు. ఇద్దరు. ఒకాయనకి గుండె జబ్బు.”

కాపలాదారు నోట్లోంచి ఈల జారింది. “ఇప్పుడు చెప్తారా? ఏ దారిలో ఉన్నారు?”

“తెలీదు.”

“తెలీకపోతే ఎలాగమ్మా? ఎడమా కుడీ రెండూ తిరిగే టైము లేదు. పై నుంచి పొగ దిగుతోంది. ఎక్కడున్నారో తెలిస్తేనే జీపు వెళ్తుంది.”

“నేను వెళ్తా,” అంది జీపు నడిపే ఆవిడ, రుమాలు ముక్కుకి కట్టుకుంటూ. “కానీ ఒక్క దారే. ఏదో చెప్పండి.”

కోడలు ఫోన్ చేసింది. మోగలేదు. మళ్లీ. మోగలేదు. ఆ నిశ్శబ్దంలో ఆమెకి శంఖం సబ్బు గుర్తొచ్చింది. దాన్ని ఇద్దరూ వాడలేదు, పాడవుతుందని. అంత చిన్న సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో, కళ్లు మసకబారిపోయాయి. మళ్లీ నొక్కింది. మోగింది.

“హలో! ఎక్కడున్నావు?”

“వచ్చేశాం...” దగ్గు. “వచ్చేస్తున్నాం. అమ్మ పక్కనే ఉందా?”

అత్తగారు ఫోన్ అందుకుంది. కోడలు స్పీకర్ నొక్కింది.

“ఒరేయ్ బుజ్జీ.”

“అమ్మా, ఏం భయం లేదు, ఇదిగో...”

“నోర్ముయ్! భయం ఉంది. నాకు చచ్చేంత భయంగా ఉంది. అయినా నిలబడే ఉన్నా. పడిపోలేదు. పడిపోను. నిజం చెప్పు నాన్నా. ఎక్కడున్నావు?”

అవతల ఊపిరి చప్పుడు. “దగ్గర్లోనేనమ్మా...”

అలవాటు నాలుకకి అంటుకుపోయింది. కోడలికి తను పనిచేసే కళ్లద్దాల షాపు కళ్లముందు మెదిలింది. చూపు పరీక్షకి వచ్చినవాళ్లు చదవలేని అక్షరాల్ని కూడా ఊహించి చదివేస్తుంటారు, ఆమెని నొప్పించకూడదని. అప్పుడామె ‘చదవండి’ అనడం మానేస్తుంది. వేరే ప్రశ్న వేస్తుంది.

“ఎక్కడున్నావని అడక్కండి అత్తయ్యా,” అంది గుసగుసగా. “ఎదురుగా ఏం కనబడుతోందో అడగండి.”

“బుజ్జీ, నీకు ఎదురుగా ఏం కనబడుతోందిరా?”

ఈసారి వచ్చిన గొంతు ఆరడుగుల మనిషిది కాదు. “బూడిదమ్మా. అంతా బూడిదే. నాన్న కూర్చుండిపోయారు. ఆయాసం. లేపితే లేవట్లేదు. నాకు... నాకు భయంగా ఉందమ్మా.”

అత్తగారు కళ్లు మూసుకుంది. పెదాలు బిగించింది, సూదులు పట్టుకున్నప్పటిలాగే. “మంచిది. భయపడు. ఇంకేం కనబడుతోంది?”

“రేకుల షెడ్డు. దాని పక్కన ఎర్రటి నీళ్ల డ్రమ్ము.”

“ఎర్ర డ్రమ్ము!” కాపలాదారు అరిచాడు. “ఎడమ దారి, పై షెడ్డు!” కడ్డీ లేచింది. జీపు అప్పటికే కదిలింది.

“నాన్నని ఎలాగైనా ఆ షెడ్డు లోపలికి చేర్చు,” అంది అత్తగారు ఫోన్లో. “ముక్కుకి తడిగుడ్డ పెట్టుకోండి. జీపు వస్తోంది. ‘వచ్చేసింది’ అనట్లేదు రా. ఇప్పుడే గేటు దాటింది. దారిలో ఉంది. నిజంగా దారిలో ఉంది.”

లైను తెగింది. రెండో సైరన్ కూసింది.

ఇక చేయడానికేమీ లేకపోవడమే అన్నిటికంటే భయంకరంగా ఉంది. బస్సులన్నీ వెళ్లిపోయాయి. కాపలాదారు రేడియో చెవికి ఆనించి అటూ ఇటూ తిరుగుతున్నాడు. అత్తాకోడళ్లిద్దరూ దుకాణం రేకు కింద, ఒకే తడి తువ్వాలు మొహాలకి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. కొండ పై సగం కనబడట్లేదు. అది ఉండాల్సిన చోటునుంచి చీకటి కిందికి జారుతోంది. మధ్యాహ్నమే దీపాలు పెట్టే వేళయినట్టుంది.

“చలిగా ఉందా అమ్మాయ్? వణుకుతున్నావు.”

“మీరే వణుకుతున్నారత్తయ్యా.”

“ఎవరి వణుకైతేనేం,” అంది అత్తగారు, ఆమెని తన భుజంలోకి లాక్కుంటూ.

చీకటి అంచున రెండు పసుపు మచ్చలు కనిపించాయి. హెల్మెట్లేమో అనుకుంది కోడలు. కావు, జీపు దీపాలు. కదులుతున్నాయి. మలుపులో మాయమై, చాలాసేపు కనబడక, ఆమె ఊపిరి తీయడం మర్చిపోయాక, మళ్లీ కిందగా వెలిగాయి.

వెనక సీట్లో ఇద్దరు. జుట్టు, కనుబొమలు, మీసాలు తెల్లబడి, పిండిమర లోపల్నుంచి వచ్చినట్టున్నారు. బుజ్జి తండ్రిని ఒళ్లో పడుకోబెట్టుకున్నాడు. మామగారు కళ్లు తెరిచి, భార్యని చూసి, ఎండిన పెదాలు కదిపారు.

“ఇదిగోనోయ్... వచ్చేశాం.”

అత్తగారు ఆయన మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. “ఈ ఒక్కసారికి నమ్ముతా,” అని, భోరున ఏడ్చింది.

బుజ్జి దిగి, భార్య ముందు నిలబడ్డాడు.  ఆమె అతని కనుబొమల మీది బూడిద వేలితో తుడిచింది. తుడిచినకొద్దీ బురదైంది, ఇద్దరి కన్నీళ్లకీ.

*

సాయంకాలానికి కొండ అలిసిపోయింది. పొగ పలచబడింది. దిగువ ఆసుపత్రిలో డాక్టరమ్మ పరీక్షచేసి, పొగ వల్ల వచ్చిన ఆయాసమే, గుండెకేమీ కాలేదని పంపించేసింది.

“చూశావా? గుండ్రాయే,” అన్నారు మామగారు హోటల్ మంచం మీద ఆనుకుని.

“గుండ్రాయికి ఆయాసం రాదండీ. మీకొచ్చింది. దారిలోనే మొదలైందట, వాడికి కూడా చెప్పలేదట!”

“చెప్తే కిందికి దింపేస్తాడనీ...” ఆయన గొంతు తగ్గిపోయింది. “పైదాకా వెళ్లినా అంతా మబ్బే. ఎర్రటి గీతైనా కనబడలేదు.”

కోడలు శంఖం సబ్బు కాగితం విప్పింది. ఇక దాచుకోదలచలేదు. గిన్నెలో వేడినీళ్లు తెచ్చి, అందరి చేతులూ కడిగించింది. గదంతా పువ్వుల వాసన వచ్చింది, అగ్గిపుల్ల వాసన వెనక్కి పోయింది.

“అత్తయ్యా, ఆ జీపు ఆపింది నేనే. ఆ మాట ఎప్పటికీ...”

“ఊరుకో అమ్మాయ్.” అత్తగారు ఆమె తడిచేతులు వదల్లేదు. “వీడు చిన్నప్పుడు ఒకసారి ఆటలో పడి ఆలస్యంగా వచ్చాడు. వాడికేమైందోనన్న భయంతో వెతుక్కుంటూ వెళ్లి, వర్షంలో వీధిచివర స్పృహ తప్పి పడున్నా నేను. అప్పట్నుంచీ తండ్రీకొడుకులిద్దరూ నాకు ‘వచ్చేశా’ తప్ప ఇంకోటి చెప్పలేదు. నేనూ ఆ మాటే వింటూ బతికా, అబద్ధమని తెలిసే. నిన్ను తిట్టాను గానీ, నా భయం వేయించిందమ్మా ఆ గేటు.”

“అమ్మా...” అన్నాడు బుజ్జి.

“ఉండరా. ఇవాళ నువ్వు ‘భయంగా ఉందమ్మా’ అన్నప్పుడు చూశాను. నేను పడిపోలేదు. నీ మాట నిజమని తెలిస్తే, నా కాళ్లు నిలబడతాయి.”

 బల్లమీద చెంచా కదలకుండా ఉంది. నలుగురూ ఒకసారి దానివైపు చూసి, చూశామని తెలిసి నవ్వుకున్నారు.

అత్తగారు లేచి కిటికీ తీసింది. నల్లటి కొండ, దూరంగా రేవులో పడవల దీపాలు.

“కింద హోటలాయన్ని అడిగొచ్చా,” అంది వెనక్కి తిరక్కుండా. “కొండకి అవతలివైపు లావా సముద్రంలోకి కారుతుందట. పడవలోంచి, చాలా దూరంలో ఆపి చూపిస్తారట. కొండ ఇలాగే ఊరుకుంటే రేపు పొద్దున్న పడవ ఉంది. మీ నాన్న అన్నేళ్లు బల్లమీద గీశారు, ఒక్కసారైనా చూడాలి. నలుగురం వెళ్దాం.”

మామగారు లేచి కూర్చున్నారు. “నువ్వు? పడవెక్కుతావా? నీకు నీళ్లంటే...”

“భయమే. భయమేస్తే భయమేస్తోందనే చెప్తా. మీ చేయి పట్టుకునే చెప్తా. మీరూ ఆయాసమొస్తే ఆయాసమొచ్చిందనే చెప్పండి.” కొడుకు వైపు తిరిగింది. “ఆరింటికల్లా కింద ఉండాలి. ఒరేయ్ బుజ్జీ, పొద్దున్న నేను తలుపు కొడితే ‘లేచేశా’ అనకు. లేచి, తలుపు తియ్.”